లిపిడ్ సీసా కొనే ముందు: 10 శాతమా, 20 శాతమా, అసలు ఏ నూనె?

నోటితో తినలేని రోగికి పోషణంతా నరం ద్వారా ఇవ్వడాన్ని టీపీఎన్ అంటారు. అందులో కొవ్వు కోసం ఎక్కించే, నూనెను నీళ్లలో చిలికిన తెల్లని ద్రవమే (ఎమల్షన్) ఈ లిపిడ్. చీటీ మీద ‘లిపిడ్ – 1’ అని మాత్రమే రాసి అటెండెంటు చేతిలో పెడితే సరిపోదు. విజయవాడ సూర్యారావుపేటలో షాపయినా, గుంటూరు కొత్తపేటలో షాపయినా కౌంటర్ దగ్గర తేలాల్సిన ప్రశ్నలు మూడు: ఎంత శాతం, ఏ నూనె, ఎన్ని మిల్లీలీటర్లు. ఈ మూడూ చీటీలోనే ఉండాలి. పైకి అన్నీ పాలలాగే తెల్లగా కనబడతాయి గానీ, నరంలోకి ఎక్కాక ఏ సీసా దారి ఆ సీసాదే. రోగి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) అంకెలన్నీ ఆ ఎంపికను బట్టి మారతాయి.

మా తీర్పు ముందే చెబుతాం. పెద్దలకైనా, నెలలు నిండని పసికందుకైనా 20 శాతం సీసానే తీసుకోండి. 10 శాతం సీసా చవగ్గా వస్తోందని, ‘పల్చగా ఉంటుంది, చిన్నబిడ్డకు మంచిది’ అని ఎవరైనా అన్నా వద్దు. ‘పల్చన కాబట్టి సురక్షితం’ అన్న ఆ నమ్మకమే ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. నూనెల సంగతి రోగిని బట్టి ఉంటుంది. అది తర్వాత చూద్దాం.

సీసాలో ముఖ్యంగా ఉండేవి నాలుగు: నూనె, కోడిగుడ్డు సొన నుంచి తీసిన ఫాస్ఫోలిపిడ్, గ్లిజరిన్, నీళ్లు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ఫాస్ఫోలిపిడ్ ఒక్కో బొట్టు చుట్టూ పొరలా పట్టుకుని విడిపోకుండా ఆపుతుంది. గ్లిజరిన్ ద్రవాభిసరణ పీడనాన్ని (ఆస్మోలాలిటీ) రక్తానికి దగ్గరగా ఉంచుతుంది. అందుకే లిపిడ్ ఒక్కటే అయితే చేతి నరంలోంచి కూడా ఎక్కించవచ్చు. బొట్టు సగటు సైజు మైక్రాన్‌లో మూడో వంతు, అంటే తిన్న కొవ్వును పేగు నుంచి మోసుకొచ్చే కైలోమైక్రాన్ కణాల కొలతలోకే వస్తుంది. 1960ల తొలి ఏళ్లలో స్వీడన్‌లో ఆర్విడ్ వ్రెట్లిండ్ సోయా నూనె, గుడ్డు ఫాస్ఫోలిపిడ్‌తో ఇంట్రాలిపిడ్ తయారుచేసేదాకా ఈ పద్ధతి నిలదొక్కుకోలేదు. అంతకుముందు అమెరికాలో వాడిన పత్తిగింజల నూనె ఎమల్షన్‌ను దుష్ఫలితాల వల్ల మానుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు లేబుల్ మీద అంకెలు చదవండి. లీటరు 10 శాతం సీసాలో నూనె 100 గ్రాములు, ఫాస్ఫోలిపిడ్ 12 గ్రాములు. లీటరు 20 శాతం సీసాలో నూనె 200 గ్రాములు, ఫాస్ఫోలిపిడ్ అదే 12 గ్రాములు. రోగికి 100 గ్రాముల కొవ్వు చేరాలంటే 10 శాతం సీసాతో లీటరు ద్రవం, 12 గ్రాముల ఫాస్ఫోలిపిడ్ కూడా లోపలికి వెళ్తాయి. 20 శాతంతో అయితే అర లీటరు, 6 గ్రాములతో పని అయిపోతుంది. 10 శాతం సీసాలో బొట్లను కప్పగా ఇంకా బోలెడు ఫాస్ఫోలిపిడ్ మిగిలిపోతుంది. ఆ మిగులు లోపల నూనె లేని ఖాళీ బుడగలుగా, లైపోజోములుగా తేలుతుంది. చిక్కంతా వాటితోనే.

నూనె బొట్టు రక్తంలోకి వెళ్లగానే ఏమవుతుందో ముందు చూడాలి. అది ఒంటిమీద ఏ ప్రొటీనూ లేకుండా వస్తుంది. కైలోమైక్రాన్‌కు ఉండే అపో-బీ అనే ప్రొటీను దీనికి లేదు. రక్తంలో తిరుగుతున్న హెచ్‌డీఎల్ దగ్గర అపో-సీ2, అపో-సీ3, అపో-ఈ అనే ప్రొటీన్లను అరువు తెచ్చుకుంటుంది. అపో-సీ2 చేరితేనే కేశనాళికల గోడ మీది లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము బొట్టును గుర్తుపట్టి, ట్రైగ్లిజరైడ్‌ను కొవ్వు ఆమ్లాలుగా కోస్తుంది. కండరం వాటిని కాల్చుకుంటుంది, కొవ్వు కణజాలం దాచుకుంటుంది. మిగిలిన పిప్పి అపో-ఈ సాయంతో కాలేయానికి చేరుతుంది. ఈలోగా బదిలీ ప్రొటీన్ మరో పని చేస్తుంది. హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్‌లలోని కొలెస్ట్రాల్ ఎస్టర్‌ను తీసి నూనె బొట్టుకిచ్చి, బదులుగా ట్రైగ్లిజరైడ్‌ను వాటిలో పెడుతుంది. లిపిడ్ ఎక్కుతున్న రోగికి హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ 20కి పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇన్ఫెక్షన్ కూడా తోడైతే ఇంకా పడుతుంది. ఆ అంకె చూసి గుండెజబ్బు వస్తుందని బెదిరిపోనక్కర్లేదు.

ఇక ఆ ఖాళీ బుడగలు. వాటికి కొలెస్ట్రాల్ అంటే తీరని దాహం. కణాల పొరల నుంచి, రక్తంలో కొవ్వును మోసే ఇతర కణాల (లైపోప్రొటీన్ల) నుంచి స్వేచ్ఛా కొలెస్ట్రాల్‌ను పీల్చుకుని, అపో-సీ, కొద్దిగా ఆల్బుమిన్ కలుపుకుని లైపోప్రొటీన్-ఎక్స్ అనే కొత్త కణంగా మారతాయి. పిత్తనాళం మూసుకుపోయిన రోగుల్లో కనిపించేదీ ఈ రకం కణమే. ఇందులో అపో-బీ ఉండదు కాబట్టి ఎల్‌డీఎల్ రిసెప్టర్ దీన్ని పట్టుకోదు. సగం తగ్గడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. రోజూ సీసా పడుతుంటే రోజూ పేరుకుంటుంది. అది చాలదన్నట్టు అపోప్రొటీన్ల కోసం, లైపేజ్ కోసం నూనె బొట్లతో పోటీపడి ట్రైగ్లిజరైడ్ కరగడాన్నీ నెమ్మదింపజేస్తుంది. నెలలు నిండని శిశువులపై 1989లో వచ్చిన పరిశోధన ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది: కిలోకు 2 గ్రాముల చొప్పున 10 శాతం ఎమల్షన్ అందుకున్న బిడ్డల కొలెస్ట్రాల్, ఫాస్ఫోలిపిడ్, ట్రైగ్లిజరైడ్లు, కిలోకు 4 గ్రాములు 20 శాతం అందుకున్న బిడ్డల కంటే ఎక్కువగా ఉన్నాయి. సగం కొవ్వుకే ఎక్కువ చెరుపు. ఈ ఒక్క కారణం చాలు, 10 శాతం సీసాను స్టోర్ జాబితాలోంచి కొట్టేయడానికి.

నూనెల మధ్య తేడా ఇంత ఘాటైంది కాదు. కానీ ఎక్కువ రోజులు ఇచ్చేటప్పుడు లెక్కలోకి వస్తుంది.

కేవలం సోయా నూనెతో చేసిన 20 శాతం ఇంట్రాలిపిడ్ పాత కాపు. శరీరం తనంతట తాను చేసుకోలేని లినోలిక్ ఆమ్లం ఇందులో దాదాపు సగం ఉంటుంది. తక్కువ మోతాదుతోనే ఆ లోటు తీరడం దీని పెద్ద బలం. లోపం ఏమిటంటే మొక్కల స్టెరాళ్లు ఎక్కువ. నోటి ద్వారా తింటే పేగు వాటిని లోపలికి రానివ్వదు. నరంలో ఎక్కిస్తే అడ్డుకునేవాళ్లే లేరు. లైపోప్రొటీన్లలో చేరి వారాల తరబడి పేరుకుంటే పిత్తం పారడం మందగిస్తుంది. నాలుగైదు రోజుల అవసరానికి, కాలేయం బాగున్న రోగికి ఈ సీసా సరిపోతుంది; అంతకు మించి ఖర్చు పెట్టించడం న్యాయం కాదు.

లిపోఫండిన్ ఎంసీటీ/ఎల్‌సీటీలో సగం సోయా, సగం మధ్యస్థ గొలుసు కొవ్వు (ఎంసీటీ). మధ్యస్థ గొలుసును లైపేజ్ తొందరగా కోస్తుంది, అది కణంలో కొవ్వు కాలే చోటైన మైటోకాండ్రియాలోకి వెళ్లడానికి కార్నిటిన్ అనే వాహకం మీద పెద్దగా ఆధారపడదు. ట్రైగ్లిజరైడ్లు 250, 300 దగ్గర ఊగుతున్న సెప్సిస్ రోగికి ఇది సోయా కంటే మెరుగైన ఎంపిక. కెలోరీలు కాస్త తక్కువ, అవసర ఆమ్లాలూ సగమే.

ఆలివ్ 80, సోయా 20 పాళ్లలో ఉండే క్లినోలిక్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రక్తపు కొవ్వుల విషయంలో సోయాకు గట్టి పోటీ ఇస్తుంది, అంతకంటే గొప్ప తేడా ఆశించొద్దు.

స్మోఫ్‌లిపిడ్‌లో సోయా 30, ఎంసీటీ 30, ఆలివ్ 25, చేప నూనె 15 శాతం. విటమిన్-ఈ కూడా కలిపి ఉంటుంది. చేప నూనెలోని ఒమేగా-3 కాలేయం ట్రైగ్లిజరైడ్‌ను మోసే వీఎల్‌డీఎల్ కణాలను తయారుచేసే వేగాన్ని తగ్గిస్తుంది, మొక్కల స్టెరాళ్లూ తక్కువ. వారం దాటి టీపీఎన్ నడిచే రోగికి, పేగు కోసేసినవారికి, బిలిరుబిన్ పెరుగుతున్న బిడ్డకు మా ఓటు దీనికే. అయితే ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. ఇందులో లినోలిక్ ఆమ్లం ఐదో వంతుకు అటూఇటూ మాత్రమే. ట్రైగ్లిజరైడ్ పెరిగిందని నెలలు నిండని బిడ్డకు సోయా ఎమల్షన్ కిలోకు అర గ్రాముకు తగ్గించినా అవసర ఆమ్లం అందుతుంది. స్మోఫ్‌ను అంతకు తగ్గిస్తే అందదు, కిలోకు 1.3 గ్రాముల దాకా కావాలి. ఖరీదైన సీసా కొని, పొదుపుగా చుక్కలు వేస్తే బిడ్డకు అవసర ఆమ్లాల కొరత వస్తుంది: పొలుసుల చర్మం, ప్లేట్‌లెట్లు తగ్గడం, బరువు పెరగకపోవడం.

పూర్తి చేప నూనెతో చేసిన ఒమెగావెన్ 10 శాతం సీసా. ఇందులోనూ ఫాస్ఫోలిపిడ్ పాళ్లు ఎక్కువే. టీపీఎన్ వల్ల కామెర్లు వచ్చిన పిల్లలకు కిలోకు 1 గ్రాము మించకుండా ఇచ్చే ప్రత్యేక మందు అది. మామూలు లిపిడ్‌కు బదులుగా కొనేది కాదు.

సీసా ఎంత మంచిదైనా వేగం తప్పితే దోషం దానిమీదికే వస్తుంది. పెద్దలకు రోజుకు కిలోకు 1 గ్రాము దగ్గర ఉంచండి, 1.5 దాటొద్దు. వేగం గంటకు కిలోకు 0.11 గ్రాములు మించకూడదు. 60 కిలోల మనిషికి లెక్క కడితే: రోజుకు 60 గ్రాములు, అంటే 20 శాతం సీసాలోంచి 300 మి.లీ.; గంటకు గరిష్ఠం 33 మి.లీ. ‘250 సీసా, నాలుగు గంటల్లో’ అని ఆర్డరు రాస్తే గంటకు 62 మి.లీ. పడుతుంది, హద్దుకు దాదాపు రెట్టింపు. లైపేజ్ ఎంజైముకు ఒక పరిమితి ఉంది. అది నిండాక మీరు ఎంత పోసినా అది కోసేది అంతే, మిగిలింది రక్తంలో తెల్లగా నిలబడుతుంది. అదే 250 మి.లీ.ని 12 గంటల్లో ఇస్తే గంటకు 21 మి.లీ., హాయిగా కరిగిపోతుంది. ఓపెన్ చేసిన లిపిడ్ సీసాను విడిగా వేలాడదీయడానికి గడువు కూడా 12 గంటలే, కాబట్టి రెండు లెక్కలూ కలిసివస్తాయి. మూడు గదుల బ్యాగులో అమైనో ఆమ్లం, గ్లూకోజుతో కలిసి ఉన్నప్పుడు 24 గంటలు.

పసికందులకు కిలోకు 1 లేదా 2 గ్రాములతో మొదలుపెట్టి 3 వరకు పెంచుతారు, 4 గరిష్ఠం. కిలో బరువున్న బిడ్డకు 3 గ్రాములంటే రోజుకు 15 మి.లీ., గంటకు 0.6 మి.లీ. పొరపాటు జరిగేది ఇక్కడే. పక్కపక్కనే రెండు సిరంజి పంపులు, ఒకదాంట్లో అమైనో-గ్లూకోజు, ఒకదాంట్లో లిపిడ్. వేగాలు తారుమారైనా, 0.6 బదులు 6 కొట్టినా గంటలోనే రక్తం మీగడలా మారుతుంది. పంపు మొదలుపెట్టే ముందు ఇద్దరు నర్సులు చదివి సరిచూడాలి, లిపిడ్ పంపుకు వేరే రంగు స్టిక్కరు అంటించాలి. కామెర్ల లైటు కింద ఉన్న బిడ్డకు లిపిడ్ సిరంజి, గొట్టం రెండూ వెలుతురు తగలకుండా కప్పాలి. వెలుతురుకు కొవ్వులో పెరాక్సైడ్లు పుడతాయి. రెండేళ్లలోపు పిల్లలందరికీ ఇలా కప్పాలని యూరప్ మందుల సంస్థ 2019లో చెప్పింది.

వెంటిలేటర్ మీద ఉన్న రోగిలో చాలామంది లెక్క వేయని కొవ్వు ఇంకొకటి ఉంది: మత్తులో ఉంచడానికి ఇచ్చే ప్రొపోఫాల్. ఒక శాతం ప్రొపోఫాల్ కూడా 10 శాతం సోయా ఎమల్షనే. మి.లీ.కి 0.1 గ్రాము కొవ్వు, 1.1 కెలోరీ. గంటకు 15 మి.లీ. నడిస్తే రోజుకు 36 గ్రాములు. దానిపై 60 గ్రాముల లిపిడ్ సీసా పెడితే 60 కిలోల మనిషికి కిలోకు 1.6 గ్రాములై హద్దు దాటిపోతుంది. ఫాస్ఫోలిపిడ్ లెక్క ఇంకా విడ్డూరం: 360 మి.లీ. ప్రొపోఫాల్‌తో 4.3 గ్రాములు వెళ్తే, 300 మి.లీ. 20 శాతం సీసాతో వెళ్లేది 3.6 మాత్రమే. లిపిడ్ సీసాను ఎంత ఆచితూచి ఎంచినా ప్రొపోఫాల్ దొడ్డిదారిన ఆ ఖాళీ బుడగలను తెస్తుంది. డైటీషియన్ చార్టులో ప్రొపోఫాల్‌కు విడిగా ఒక గడి ఉండాలి.

ట్రైగ్లిజరైడ్ పెరగగానే సీసాను తిట్టకండి. గ్లూకోజు ఎక్కువైతే కాలేయం దాన్నే కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్‌గా పంపుతుంది. నిమిషానికి కిలోకు 5 మి.గ్రా. దాటుతోందేమో ముందు చూడండి. స్టీరాయిడ్లు, సెప్సిస్, కిడ్నీ దెబ్బతినడం, అదుపులో లేని షుగరు కూడా అదే పని చేస్తాయి. పెద్దల్లో ట్రైగ్లిజరైడ్ డెసిలీటరుకు 400 మి.గ్రా. దాటితే లిపిడ్ ఆపి కారణం వెతకాలి; వెయ్యి దాటితే పాంక్రియాస్‌కు ప్రమాదం. పసికందుల్లో 265 దాటితే తగ్గించాలి. పూర్తిగా ఆపి రోజుల తరబడి వదిలేయడం వాళ్లకు ఇంకో చెరుపు. జ్వరం, కాలేయం ఉబ్బడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తం గడ్డకట్టకపోవడం ఒక్కసారిగా కలిసివస్తే అది కొవ్వు ఎక్కువైన లక్షణం, సీసా వెంటనే ఆపాలి.

ల్యాబ్ రిపోర్టు చదవడంలోనూ జాగ్రత్త కావాలి. నమూనా లిపిడ్ వెళ్లే గొట్టంలోంచి, ఆ చేతి నుంచి తీయకూడదు. రెండు చుక్కల ఎమల్షన్ కలిసినా అంకెలన్నీ అబద్ధమే. సీసాలోని గ్లిజరిన్‌నూ ట్రైగ్లిజరైడ్‌గా లెక్కించే పరీక్షలు ఉన్నాయి, ఆ గ్లిజరిన్‌ను విడిగా కొలిచి తీసివేసే ‘గ్లిజరాల్ బ్లాంక్’ చేస్తారా అని ల్యాబును అడగండి. లిపిడ్‌ను రోజులో కొన్ని గంటలే ఇస్తుంటే ఆపాక కనీసం నాలుగు గంటలు ఆగి తీయండి. మొదలుపెట్టే ముందు ఒకటి, మోతాదు పెంచిన ప్రతిసారీ ఒకటి, తర్వాత వారానికొకటి చాలు. సీరమ్ పాలలా ఉంటే సోడియం ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. ఏబీజీ (రక్తంలో వాయువులు చూసే) మెషీన్‌లో వచ్చిన సోడియం నమ్మండి, లేకుంటే లేని లోటుకు గాఢ సెలైన్ ఎక్కిస్తారు. హిమోగ్లోబిన్ ఎక్కువ చూపిస్తుంది. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) 37 దాటి ఉంటే అది కొవ్వు చేసిన మాయ.

ఎల్‌డీఎల్ సంగతి మరీ ముఖ్యం. ల్యాబులు సూత్రంతో లెక్కగట్టే ఎల్‌డీఎల్ అంటే మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్‌లో ఐదో వంతును తీసివేయగా మిగిలింది. కొలెస్ట్రాల్ 260, హెచ్‌డీఎల్ 20, ట్రైగ్లిజరైడ్ 300 అయితే 180 అని వస్తుంది. అందులో ఎంత భాగం లైపోప్రొటీన్-ఎక్స్‌ది అన్నది ఆ సూత్రానికి తెలియదు. సందేహం ఉంటే అపో-బీ పరీక్ష చేయించండి. ఎల్‌డీఎల్ 180 అని ఉండి అపో-బీ మామూలుగానో తక్కువగానో ఉంటే అది చెడ్డ కొలెస్ట్రాల్ కాదు, సీసాలోని ఫాస్ఫోలిపిడ్ గీసిన బొమ్మ. దానికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రాస్తే ఫలితం శూన్యం. లిపిడ్ ఆపాక ఒకటి రెండు వారాలకు మళ్లీ చూస్తే దిగిపోయి ఉంటుంది.

కొన్నాక సీసాను ఎలా మోసుకెళ్తారన్నది మన ఊళ్లలో చిన్న విషయం కాదు. నిల్వ హద్దు 25 డిగ్రీలు; గడ్డకట్టనివ్వకూడదు. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, స్కూటర్ డిక్కీలో సీసా పెట్టి బెంజి సర్కిల్ దాటేసరికి దానికి ఏమైందో లేబుల్ చెప్పదు. సంచిలో ఐస్ ముక్కలు నేరుగా తగిలేలా పెట్టినా తప్పే. థర్మోకోల్ డబ్బా, గుడ్డలో చుట్టిన చల్లని ప్యాకు మేలు. వేలాడదీసే ముందు వెలుతురుకు పట్టి చూడండి. పైన పల్చగా మీగడ తేలి, మెల్లగా తిప్పితే కలిసిపోతే పర్వాలేదు. పసుపు పచ్చని నూనె చుక్కలు, గీతలు కనిపిస్తే పాలు విరిగినట్టే, ఊపి వాడేది కాదు, పారేయాలి. సీసాలోకి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, పొటాషియం ఏదీ సూదితో కలపకండి. అవి బొట్ల మీది విద్యుదావేశాన్ని చెరిపి నూనెను విడదీస్తాయి.

సీసాకు తగిలించే గొట్టం సెట్ కొనేటప్పుడు మామూలు పీవీసీ కాకుండా, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే డీఈహెచ్‌పీ లేనిది అడగండి, ఆ రసాయనాన్ని కొవ్వు గొట్టంలోంచి లాగేస్తుంది. ఫిల్టరు 1.2 మైక్రాన్‌ది, 0.2 మైక్రాన్ ఫిల్టరులోంచి లిపిడ్ పోనివ్వకూడదు. అమైనో-గ్లూకోజుకు 0.2 ఫిల్టరు ఉంటే లిపిడ్ గొట్టాన్ని దాని కింద వై-సైట్ (రెండు గొట్టాలు కలిసే చోటు) దగ్గర కలపాలి. పంపు లేకుండా నడుపుతుంటే లిపిడ్ సీసాను రెండో సీసా కంటే ఎత్తులో కట్టండి. నూనె తేలిక కాబట్టి కిందుంటే వెనక్కి ఎక్కిపోతుంది. కొత్త సీసాకు కొత్త సెట్. రోగికి గుడ్డు, సోయా, చేప, వేరుశెనగ పడకపోతే ఆ సంగతి చీటీలోనే రాయాలి, శాతం, నూనె పేరు, మిల్లీలీటర్ల పక్కన.